అప్‌రైట్ పియానో శ్రుతి ఎందుకు నిలవడం లేదో ఎలా కనిపెట్టాలి

శ్రుతి చేయించి నెల తిరగకముందే పియానో మళ్లీ అపస్వరం పలికితే మన అనుమానం ముందుగా శ్రుతి చేసిన మనిషి మీదికి, ఆ తరువాత పియానో వయసు మీదికి పోతుంది. ఈ రెండింటిలో ఏదో ఒకటి నిజం కావచ్చు గాని, నేను చూసినంతలో చాలా పియానోల విషయంలో అసలు కారణం గదిలోని గాలిలో ఉంటుంది. కారణం ఏదైనా సరే, అది తనదైన గుర్తును వదిలిపెడుతుంది. స్వరాలన్నీ ఒకే తీరుగా దిగుతున్నాయా, మధ్యభాగం మాత్రమే ఎక్కి దిగుతోందా, లేక ఒకే ఒక తీగ ప్రతిసారీ జారుతోందా అన్నది ఓపికగా గమనిస్తే, శ్రుతి ఎందుకు తప్పుతోందో దాదాపుగా తేలిపోతుంది. దీనికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు, కొన్ని వారాల శ్రద్ధ చాలు.

పియానో లోపల కదిలేది ఏమిటి

కొలతలు మొదలుపెట్టే ముందు ఈ విషయం తెలిసి ఉండాలి. 88 మీటలున్న అప్‌రైట్ పియానోలో, అంటే తీగలు నిలువుగా ఉండే పియానోలో, దాదాపు 220 నుంచి 230 తీగలు ఉంటాయి. అట్టడుగు మంద్ర స్వరాలకు ఒక్కొక్కటి, వాటి పై స్వరాలకు రెండేసి, మిగిలిన స్వరాలకు మూడేసి తీగలు ఉంటాయి. ఒక్కో తీగ సుమారు 70, 80 కిలోల బరువు వేలాడదీసినంత బిగువుతో ఉంటుంది కనుక, అన్నీ కలిపితే ఆ లాగుడు 15 నుంచి 20 టన్నుల దాకా పోతుంది. ఈ భారాన్ని ప్రధానంగా మోసేది పోత ఇనుప చట్రం. 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే పోతగా పోసిన ఇనుప చట్రానికి పేటెంట్ పొందాడు. ఆ పద్ధతి స్థిరపడడం వల్లనే నేటి పియానోలు ఇంత బిగువును తట్టుకోగలుగుతున్నాయి.

ఇనుప చట్రం తేమకు కదలదు, కదిలేదల్లా చెక్క. తీగ రెండు చోట్ల చెక్క మీద ఆధారపడుతుంది. తీగ పై కొన ట్యూనింగ్ పిన్‌కు చుట్టి ఉంటుంది. వీణకు బిరడ ఎలాగో పియానోకు ఈ పిన్ అలాగే. పొరలు పొరలుగా అతికించిన గట్టి చెక్కతో చేసిన పిన్ బ్లాక్‌లో అది కేవలం ఒరిపిడి బలంతో నిలబడుతుంది. రెండవ చోటు బ్రిడ్జి, అంటే వీణలో గుర్రం చేసే పనిని పియానోలో చేసే భాగం. అది సౌండ్ బోర్డుకు అతికి ఉంటుంది. సౌండ్ బోర్డు ఒక సెంటీమీటరు కూడా మందం లేని స్ప్రూస్ కలప పలక, పైగా తీగల వైపు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండేటట్లు చేసిన పలక.

ఇంత బిగువులో ఎంత చిన్న మార్పు చెవికి తెలుస్తుందో ఒక లెక్క చూడండి. తీగ కంపించే వేగం దాని బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. కాబట్టి బిగువు ఒక్క శాతం తగ్గితే, అంటే 75 కిలోలలో ముప్పావు కిలో తగ్గితే, స్వరం ఎనిమిదిన్నర సెంట్లకు పైగా దిగుతుంది. పక్కపక్క రెండు స్వరాల మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక సెంటు. రెండు సెంట్లు దిగితే మామూలు శ్రోతకు తెలియకపోవచ్చు గాని, ఒకే స్వరానికి చెందిన మూడు తీగలలో ఒకటి ఎనిమిది సెంట్లు జారితే ఎవరి చెవికైనా గరగరమంటుంది.

మొదటి పని: శ్రుతి చేయించిన మరునాడే కొలతలు రాసి పెట్టుకోండి

మీకు కావలసినవి గాలిలోని తేమను కొలిచే ఒక హైగ్రోమీటరు, ఫోనులో ఒక ట్యూనర్ యాప్, తీగల నడుమ పెట్టడానికి రెండు మూడు రబ్బరు మ్యూట్లు, ఒక నోటు పుస్తకం. హైగ్రోమీటరును పియానో ఉన్న గదిలోనే, సాధ్యమైతే పియానో వెనుక వైపు పెట్టండి. గదికి ఆ చివర పెట్టిన హైగ్రోమీటరు చూపే అంకె పియానో వెనుక ఉన్న గాలికి వర్తించకపోవచ్చు.

పై మూత తెరిచి, ముందు పలకను పట్టి ఉంచే గొళ్లేలను తిప్పి, పలకను జాగ్రత్తగా పైకెత్తి తీయండి. తీగలు కనబడతాయి. పాశ్చాత్య పద్ధతిలో ఎ (A) అని పిలిచే స్వరాలన్నిటినీ, రాగి చుట్టిన మంద్ర తీగలు ముగిసి నున్నని ఉక్కు తీగలు మొదలయ్యే చోట అటు రెండు ఇటు రెండు స్వరాలనూ ఎంచుకోండి. మూడు తీగలున్న స్వరాన్ని కొలిచేటప్పుడు పక్క తీగలు రెండింటినీ మ్యూట్లతో ఆపి, నడిమి తీగను మాత్రమే పలికించండి. మూడు తీగలూ కలిసి మోగుతుంటే యాప్ సూది ఊగిసలాడుతూనే ఉంటుంది, ఆ అంకెకు విలువ లేదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. యాప్ సున్నా చూపకపోతే శ్రుతి తప్పినట్లు కాదు. పియానో తీగ బిరుసైనది కనుక దాని ఉపస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు అదే తీగలో సన్నగా మోగే పై స్వరాలు, లెక్క ప్రకారం ఉండవలసిన చోటు కంటే కొద్దిగా పైన పలుకుతాయి, అందువల్ల మంచి ట్యూనర్ (ఇక్కడ యాప్ కాదు, శ్రుతి చేసే మనిషి) పై స్థాయిలను కొంచెం ఎక్కించి, కింది స్థాయిలను కొంచెం దించి శ్రుతి చేస్తారు. కాబట్టి మీరు పోల్చవలసింది సున్నాతో కాదు, మొదటి రోజున మీరే రాసుకున్న అంకెతో. ఆ అంకె పక్కనే తేదీ, గది ఉష్ణోగ్రత, తేమ శాతం రాయండి. ఆ తరువాత వారానికొకసారి, దాదాపు ఒకే వేళకు, అవే స్వరాలను కొలుస్తూ కనీసం రెండు మూడు నెలలు కొనసాగించండి. పియానో మీద ఎండ పడుతున్న సమయంలో కొలవకండి. వేడికి ఉక్కు తీగ సాగి స్వరం నిమిషాలలోనే కొద్దిగా దిగుతుంది, చల్లబడ్డాక మళ్లీ ఎక్కుతుంది. ఆ మార్పు తాత్కాలికం.

మధ్యభాగం మాత్రమే ఎక్కి దిగుతుంటే

కలప తేమను పీల్చుకున్నప్పుడు పోగుల వెంబడి దాదాపు పెరగదు, పోగులకు అడ్డంగా ఉబ్బుతుంది. అంచుల వద్ద బిగించి ఉన్న సౌండ్ బోర్డు అడ్డంగా ఉబ్బితే దానికి పోవడానికి చోటు లేక మరింత పైకి లేస్తుంది. పైకి లేచినప్పుడు బ్రిడ్జిని తీగల మీదికి నెడుతుంది, తీగలు బిగుస్తాయి, స్వరం ఎక్కుతుంది. గాలి పొడిబారితే ఇదంతా తిరగబడి స్వరం దిగుతుంది. ఈ కదలిక అన్ని స్వరాలకూ ఒకే మోతాదులో ఉండదు. మంద్ర తీగలు తక్కువగా కదులుతాయి. నున్నని తీగలు మొదలయ్యే ప్రాంతం, అంటే మధ్య సి స్వరానికి కొంచెం కిందిభాగం, అన్నిటికంటే ఎక్కువగా కదులుతుంది. అందుకే తేమ వల్ల శ్రుతి తప్పిన పియానోలో మూడు తీగలు కలిసిన ఒక్కో స్వరమూ విడిగా వింటే పరవాలేదనిపిస్తుంది గాని, ఎడమ చేతి కింద ఉన్న స్వరాలూ మధ్య స్వరాలూ కలిపి వాయిస్తే రెండు వేరు వాద్యాలు పలికినట్లుంటుంది.

మీ నోటు పుస్తకంలో రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. తేమ అంకె పెరిగిన తరువాత కొన్ని రోజులకు మధ్యభాగం ఎక్కి, తేమ తగ్గిన తరువాత మళ్లీ దిగుతూ ఉంటే సందేహానికి తావు లేదు. ఈ ఆలస్యం సహజం. చెక్క తేమను మెల్లగా పీల్చుకుని మెల్లగా వదులుతుంది. నా సొంత పియానో విషయంలో, శ్రుతి సరిగా చేయడం లేదని ఒక మంచి పనిమంతుణ్ణి చాలా కాలం తప్పు పట్టాను. అంకెలు రాయడం మొదలుపెట్టాక తెలిసిందేమంటే, ఆయన శ్రుతి చేసిన ప్రతిసారీ పియానో ఏటా తేమ మారే కాలపు అంచున ఉంది.

దీనికి మందు శ్రుతి కాదు, గది. సాధారణంగా సాపేక్ష ఆర్ద్రత, అంటే హైగ్రోమీటరు చూపే తేమ శాతం, 40 నుంచి 60 శాతం మధ్య ఉండడం మంచిదని చెబుతారు గాని, నా దృష్టిలో అంకె కంటే నిలకడ ముఖ్యం. ఏడాది పొడుగునా 58 దగ్గర నిలిచే గది, 35కీ 65కీ మధ్య ఊగే గది కంటే పియానోకు ఎంతో మేలు. పియానోను కిటికీకి, హీటరుకు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటుకు, బయటి గాలికి చల్లబడే గోడకు దూరంగా జరపండి. అప్‌రైట్ పియానో వెనుక భాగం తెరిచి ఉంటుంది కనుక గోడ నుంచి వచ్చే చెమ్మ సౌండ్ బోర్డుకు నేరుగా తగులుతుంది. ఈ ఒక్క కారణంగానే చోటు మార్చగానే బాగుపడిన పియానోలు ఉన్నాయి.

గది మొత్తాన్ని అదుపు చేయలేకపోతే పియానో లోపలే అమర్చే వ్యవస్థలు దొరుకుతాయి. వాటిలో తేమ ఎక్కువైనప్పుడు సన్నగా వేడెక్కే కడ్డీ, గాలి పొడిబారినప్పుడు తేమనిచ్చే నీటి తొట్టె, ఈ రెండింటినీ అవసరాన్ని బట్టి నడిపే హ్యుమిడిస్టాట్ ఉంటాయి. వెనుక భాగానికి గుడ్డ తొడుగు వేస్తే ఆ వ్యవస్థ ఇంకా బాగా పనిచేస్తుంది. వీటిని తెలిసిన పనివారి చేతనే పెట్టించండి. పియానో అడుగున గిన్నెలో నీళ్లు పెట్టే పాత అలవాటు మాత్రం మానుకోండి. అది ఎంత తేమ ఇస్తుందో చెప్పేవారు లేరు, ఆపేవారూ లేరు, ఒలికితే అడుగున ఉన్న చెక్క పాడవుతుంది. సిలికా జెల్ పొట్లాలు కూడా కొద్ది రోజులకే నిండిపోయి ఊరకుంటాయి.

పియానోను ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి తరలించినప్పుడు జరిగేది కూడా ఇదే. మోసేటప్పటి కుదుపు కంటే కొత్త గది గాలే శ్రుతిని ఎక్కువగా చెడగొడుతుంది కనుక, రెండు మూడు వారాలు ఆగి ఆ గాలికి చెక్క అలవాటు పడ్డాక శ్రుతి చేయించండి.

స్వరాలన్నీ కలిసి దిగుతూ ఉంటే

తేమతో సంబంధం లేకుండా, మంద్రం నుంచి తారం దాకా అన్నీ నెలనెలా కొద్దికొద్దిగా దిగుతుంటే రెండు ప్రశ్నలు వేసుకోండి. తీగలు కొత్తవా? అయితే చింతించనక్కరలేదు. కొత్త ఉక్కు తీగ చాలా నెలలు సాగుతూనే ఉంటుంది, పిన్ చుట్టూ వేసిన చుట్లు కూడా మెల్లగా సర్దుకుంటాయి. కొత్త పియానోకు మొదటి ఏడాదిలో మూడు నాలుగు సార్లు శ్రుతి చేయించవలసి రావడం ఇందుకే.

రెండవ ప్రశ్న: చాలా ఏళ్ల పాటు వదిలేసిన పియానోను ఈ మధ్యనే ఒక్కసారిగా ఎక్కించారా? 30 సెంట్లు దిగిన పియానోను ఎక్కించేటప్పుడు తీగల మొత్తం లాగుడు బాగా పెరుగుతుంది. దానికి సౌండ్ బోర్డు అణుగుతుంది, మొదట సరిచేసిన తీగలు చివరి తీగకు వచ్చేసరికి మళ్లీ వదులవుతాయి. అందుకే అనుభవమున్నవారు మొదటి విడతలో ఒక్కో స్వరాన్ని, అది దిగిన మేరలో సుమారు పావు వంతు అదనంగా, త్వరత్వరగా ఎక్కించి, ఆ తరువాత రెండవ విడతలో నెమ్మదిగా సరిచేస్తారు. అప్పటికీ పని పూర్తికాదు, కొన్ని వారాలకు మరొకసారి చేయించాలి. ఈ సంగతి ముందే చెప్పని కారణంగా మంచి పని కూడా చెడ్డ పేరు తెచ్చుకుంటుంది.

మరీ పాత పియానోలకు ఒక హెచ్చరిక అవసరం. మధ్య సి పైన ఉన్న ఎ స్వరం 440 హెర్ట్జ్, అంటే సెకనుకు 440 కంపనాలు, అన్న అంగీకారం 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో కుదిరింది. అంతకు ముందు ఫ్రాన్స్ 1859లో 435ను చట్టంగా నిర్ణయించింది. తుప్పు పట్టిన తీగలున్న వాద్యాన్ని పట్టుబట్టి 440కి లాగితే తీగలు తెగవచ్చు. ఒంటరిగా వాయించుకునే పియానోను కొంచెం దిగువ స్థాయిలోనే, దానిలో అది సరిగా ఉండేటట్లు, శ్రుతి చేయించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఒకటి రెండు తీగలే జారుతుంటే

ఇక్కడ మీ నోటు పుస్తకం బాగా పనికివస్తుంది. ఒకే స్వరపు తీగలు రెండింటి మధ్య తేడా వస్తే ధ్వని అలలు అలలుగా ఊగుతుంది. ఒకటి 440, మరొకటి 442 హెర్ట్జ్‌లో పలికితే సెకనుకు రెండు సార్లు ఊగుతుంది. భౌతికశాస్త్ర పాఠాలలో విస్పందనాలు అని చదువుకున్నది దీని గురించే. ఏ స్వరం ఊగుతోందో గుర్తించి, మ్యూట్లతో ఒక్కో తీగనూ విడిగా విని, జారిన తీగను రాసుకోండి. మరొకసారి శ్రుతి చేయించాక మళ్లీ చూడండి. ప్రతిసారీ అవే తీగలు జారుతుంటే తప్పు పిన్‌లో గాని పిన్ బ్లాక్‌లో గాని ఉంది. ప్రతిసారీ వేర్వేరు తీగలు, అదీ శ్రుతి చేసిన మొదటి వారంలోనే జారుతుంటే, శ్రుతి చేసిన విధానంలో లోపం ఉందని భావించవచ్చు.

ఆ లోపం ఎలా వస్తుందో దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. పిన్‌కూ, తీగ మోగే భాగానికీ మధ్య ప్రెషర్ బార్ అనే లోహపు పట్టీ తీగను అణిచి పట్టుకుంటుంది. ట్యూనర్ తాళంతో, అంటే పిన్ తలకు తొడిగి తిప్పే పొడవాటి పిడితో, పిన్‌ను తిప్పినప్పుడు, చెక్కలో దిగిన కింది భాగం కదలకముందే పిన్ పై భాగం సన్నగా మెలిపడుతుంది. పిన్ తిరిగినా, ప్రెషర్ బార్ దగ్గర ఒరిపిడి వల్ల తీగ కొంతసేపు కదలదు, ఆ తరువాత ఒక్కసారిగా జారుతుంది. స్వరం సరిపోయిందని అంతటితో వదిలేస్తే, పిన్‌లో మిగిలిన మెలి విప్పుకుంటుంది, పట్టీకి అటూ ఇటూ ఉన్న బిగువుల తేడా సర్దుకుంటుంది, మీరు గట్టిగా వాయించిన మొదటి పాటకే స్వరం జారుతుంది. మంచి ట్యూనర్ పిన్‌ను కొంచెం దాటించి వెనక్కి తెచ్చి నిలుపుతారు, మీటను గట్టిగా పలుమార్లు కొట్టి తీగను సర్దుకోనిస్తారు. ఆ గట్టి దెబ్బలు విని పియానో పాడవుతుందేమోనని భయపడకండి. పని అయిన తరువాత వారు వెళ్లకముందే మీరు కూడా పది నిమిషాలు గట్టిగా వాయించి, ఊగుతున్న స్వరాలుంటే మర్యాదగా అడిగి సరిచేయించుకోండి.

ఈ పని మీరే చేయాలని తాళం కొనకముందు ఒక సంగతి ఆలోచించండి. మధ్య స్వరాలలో ఎనిమిది సెంట్లు సరిచేయడానికి పిన్ తిరగవలసింది అర డిగ్రీ కూడా ఉండదు. నేర్పులేని చేయి పిన్‌ను తిప్పడానికి బదులు వంచుతుంది, దానితో రంధ్రం పెద్దదవుతుంది.

పిన్ నిజంగానే వదులైతే దానికి కొన్ని మార్గాలున్నాయి. తీగ చుట్టుకూ ఇనుప చట్రానికీ మధ్య ఖాళీ మిగిలి ఉంటే పిన్‌ను కొద్దిగా లోపలికి కొట్టవచ్చు. పలుచని సయనోఅక్రిలేట్ (సూపర్ గ్లూ రకం) జిగురును పిన్ చుట్టూ పోస్తే చాలా సందర్భాలలో మళ్లీ పట్టు వస్తుంది. లేదంటే ఒక సైజు పెద్ద పిన్ వేస్తారు, అది పాతదానికంటే 0.13 మిల్లీమీటరు లావుగా ఉంటుంది. ఇవన్నీ టెక్నీషియన్ చేయవలసినవే. జిగురు పని కోసం కొందరు పియానోను వెనక్కి పడుకోబెడతారు. 200 కిలోలు దాటే ఆ బరువును మీరుగా ఎప్పుడూ వాల్చకండి, అది మనిషి మీద పడితే ప్రాణాపాయం. పిన్‌లకు నూనె, తుప్పు వదిలించే స్ప్రే వంటివి ఎట్టి పరిస్థితిలోనూ తగలనివ్వకండి. ఒరిపిడి మీదనే నిలిచే వస్తువుకు నూనె పూస్తే పిన్ బ్లాక్ పనికిరాకుండా పోతుంది.

చట్రాన్ని టార్చి వేసి చూడండి

వదులు పిన్‌లు ఒకే వరుసలో, పక్కపక్కనే ఉంటే పిన్ బ్లాక్ పగిలి ఉండవచ్చు. పై మూత తెరిచి, పైనుంచి కిందికి చూడండి. పిన్ బ్లాక్‌కూ వెనుక నిలువు దూలాలకూ మధ్య సందు కనిపిస్తే, అతుకు విడిపోయి మొత్తం వాద్యమే వంగుతోందని అర్థం. దాన్ని బోల్టులతో బిగించి అతికించే వీలుంటుంది. ఇనుప చట్రంలో పగులు కనబడితే మాత్రం ఆ పియానో మీద ఇక ఖర్చు పెట్టకపోవడమే మంచిది. సౌండ్ బోర్డులో సన్నని చీలిక ఉన్నంత మాత్రాన శ్రుతి నిలవదని అనుకోకండి, అది శ్రుతిని చెడగొట్టకపోవచ్చు. కొన్ని పాత పియానోలలో ఇనుప చట్రం పిన్ బ్లాక్ కింది దాకా మాత్రమే వచ్చి ఆగిపోతుంది. అటువంటి వాద్యం ఎంత జాగ్రత్తగా చూసుకున్నా నేటి 440 స్థాయి శ్రుతిలో ఎక్కువ కాలం నిలవదు.

ఒకే తీగను విడిగా పలికించినా అది తనంతట తానే ఊగుతుంటే, అది శ్రుతి తప్పడం కాదు. బ్రిడ్జి మీది పిన్ వదులవడం వల్ల గాని, తీగ మెలిపడడం వల్ల గాని అలా జరుగుతుంది. దానిని ట్యూనర్‌కు వేరుగా చెప్పండి.

కొలతలను ట్యూనర్ ముందు పెట్టండి

ఏయే స్వరం ఎన్ని సెంట్లు, ఏ తేదీన, ఎంత తేమలో కదిలిందో చూపించే రెండు నెలల పుటలు టెక్నీషియన్‌కు గంటసేపు మాటల కంటే ఎక్కువ చెబుతాయి. కారణం తేమ అని తేలితే వెంటనే శ్రుతి చేయించకండి. ముందు పియానో చోటు మార్చి గాని, తేమ నియంత్రణ అమర్చి గాని, ఆరు వారాలు ఆగి, అవే స్వరాలను అదే క్రమంలో కొలవండి. ఉక్కు తీగలు మొదలయ్యే చోట ఉన్న ఆ నాలుగు స్వరాలు వరుసగా మూడు వారాలు రెండు మూడు సెంట్లకు మించి కదలకపోతే, ట్యూనర్‌ను పిలవండి.